వేడి గది, వెదురు గంప

ఆ గది తలుపు పక్కన గోడకు అరచేతంత డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఎర్రటి అంకెలు వెలుగుతుంటాయి: 105. ఫారెన్‌హీట్ లెక్క అది, మన లెక్కలో 40 డిగ్రీలు దాటినట్టు. దాని కింద గాలిలో తేమ, 40 శాతం. కిటికీ అవతల షికాగో శివారు, జనవరి నెల, కార్ల అద్దాల మీద గడ్డకట్టిన మంచు. లోపలికి అడుగుపెట్టే ప్రతిసారీ నా చూపు ముందు ఆ అంకె మీదికే పోయేది. ఎందుకంటే అది నాకు కొత్తది కాదు. నా ఫోన్‌లో వాతావరణం చూసుకునేచోట రెండు ఊళ్ళు పెట్టుకున్నాను: ఒకటి నేనుంటున్న ఊరు, రెండోది అక్కా బావా ఉండే నరసరావుపేట. ఎండలు ముదిరాక ఆ రెండో ఊరి పక్కన 105 కనబడుతుంది, మే నెలలో దాన్ని కూడా దాటిపోతుంది. అది చూడగానే అక్కకు ఫోన్ చేసి, "మిట్టమధ్యాహ్నం బజారుకు పోకే అక్కా, బావను కూడా పోనివ్వకు" అని చెప్పడం నాకు అలవాటు. అదే అంకె ఇక్కడ గోడ మీద ఉంటే, నెలకింత అని డబ్బు కట్టి, చాప చంకన పెట్టుకుని, నా అంతట నేనే నడిచి లోపలికి వెళుతున్నాను. ఒకే అంకె ఒకచోట భయం, ఒకచోట వ్యాయామం ఎట్లా అయింది? ఆ చలికాలమంతా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ గదికి వెళ్ళడానికి కారణం మా మేనకోడలి పెళ్ళి. వైశాఖంలో ముహూర్తం, అదీ పగటి ముహూర్తం, నరసరావుపేటలోనే. లగ్నం ఖాయమైన రోజు అక్క ఫోన్ చేసి, "ఏరా, గంప ఎత్తాల్సింది నువ్వే. ఒళ్ళు కాస్త గట్టిచేసుకుని రా" అంది. మా వైపు పెళ్ళికూతుర్ని మేనమామలు గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాలి. ఈమధ్య కొన్నిచోట్ల పిల్ల గంపలో కూర్చుని, ఫొటో అయ్యాక దిగి నడిచి వెళుతోంది. కొన్నిచోట్ల పూలు కట్టిన పల్లకీ చక్రాల మీద వస్తోంది. అవేవీ మా అక్కకు సరిపడవు. అమ్మను వాళ్ళ మేనమామలు ఎత్తారు, అక్కను మా మామయ్యలు ఎత్తారు, ఇప్పుడు మా వంతు. అక్క తర్వాత ఫోన్ మేనకోడలు అందుకుంది. "మామయ్యా, నేనూ ఆరు కిలోలు తగ్గుతున్నాలే, నీకేం భయం లేదు. నువ్వు మాత్రం మీ ఊళ్ళో హాట్ యోగా ఉంటే చేరు. పెళ్ళి నాటికి షేప్‌లోకి వచ్చేస్తావు" అంది. హైదరాబాద్‌లో తను వెళ్ళే జిమ్‌లో పెళ్ళికూతుళ్ళకని విడిగా ప్యాకేజీ ఉందట. పొద్దున ఒక పూట తిండి, సాయంత్రం ఏదో రసం. ఫోన్ పెట్టేశాక ఆ రెండు మాటలూ నా దగ్గర మిగిలిపోయాయి. గట్టిపడమంటుంది తల్లి, తగ్గుతానంటుంది కూతురు. పెళ్ళికి ఒంటిని సిద్ధం చేసుకోవడం గురించే ఇద్దరూ మాట్లాడారు. ఆ రెండూ ఒకటేనా? ఒకదానికోసం చేసేది రెండోదానికి అడ్డం వస్తే?

అట్లా చేరిన ఆ హాట్ యోగా గది లోపల నేలంతా కార్పెట్, ఎదురుగోడంతా అద్దం, కళ్ళలోకి కొట్టే లైట్లు. టీచరు చిన్న అరుగు మీద నిలబడి, చెవికి మైకు తగిలించుకుని, ఆపకుండా మాట్లాడుతూ ఉంటుంది. తను ఏ ఆసనమూ వేసి చూపించదు, అంతా మాటతోనే నడిపిస్తుంది. మొదట వేళ్ళు పెనవేసి గడ్డం కింద ఆనించి, మోచేతులు పైకి లేపుతూ ఊపిరి పీల్చడం, ముందుకు కలుపుతూ వదలడం. అది అయ్యేసరికే నుదురు చెమ్మగిల్లుతుంది. అర్ధచంద్రాసనంతో వీపు తడిసిపోతుంది. పాదహస్తాసనంలో నడుము వంచి తలను కాళ్ళకు ఆనిస్తే చెమటకు దారి తిరగబడి, మెడ మీదినుంచి చెంపల మీదికి, అక్కడినుంచి ముక్కులోకి, కళ్ళలోకి పారుతుంది. తుడుచుకుందామంటే చేతులు మడమల వెనక ఉంటాయి. గరుడాసనంలో చెయ్యీ చెయ్యీ మెలివేసి నిలబడితే మోచేతి కొసనుంచి ఒక్కొక్క చుక్కా చాప మీది తువ్వాలు మీద పడుతుంటుంది, చెవి పెడితే ఆ చప్పుడు కూడా వినబడుతుంది. అక్కడికి గాని మొదటి గుక్క నీళ్ళు తాగనివ్వరు. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడే ఆసనాలు. దండాయమాన ధనురాసనంలో వెనక్కి లేపిన కాలిని చీలమండ దగ్గర పట్టుకోవాలి, తడిచేతిలోంచి అది జారిపోతూనే ఉంటుంది. మొదటి సగం నిలబడి, రెండో సగం నేల మీద. అన్నీ రెండేసి సార్లు. కొత్తగా వచ్చినవాళ్ళకు టీచరు పెట్టే షరతు ఒక్కటే: ఆసనం రాకపోయినా ఫరవాలేదు, కళ్ళు తిరిగితే కూర్చోండి, పడుకోండి, గదిలోంచి మాత్రం బయటికి పోవద్దు. తొంభై నిమిషాల తర్వాత తలుపు తీస్తారు. కారు దగ్గరికి నడుస్తుంటే నెత్తిమీదినుంచి ఆవిరి లేస్తుంది, కారు తాళం తీసేలోపు తడిజుట్టు బిర్రబిగుసుకుపోతుంది. ఆ చల్లగాలి ఒంటికి తగిలినప్పటి సుఖం చాలా గొప్పది. ఒళ్ళంతా ఖాళీ అయి, లోపల ఏ మాటా లేకుండా పోతుంది. జనం మళ్ళీ మళ్ళీ అక్కడికి ఎందుకు వస్తారో ఆ కాసేపట్లో అర్థమవుతుంది.

ఈ క్రమాన్ని ప్రపంచమంతా అమ్మినవాడు బిక్రమ్ చౌదరి, కలకత్తావాడు. 1970ల మొదట్లో అమెరికా చేరి, సినిమావాళ్ళుండే బెవర్లీ హిల్స్‌లో బడి తెరిచాడు. శ్వాసతో మొదలై శ్వాసతో ముగిసే 26 అంశాలు, 90 నిమిషాలు, 105 డిగ్రీలు. కలకత్తా ఎండను చలిదేశపు గదిలోకి తెచ్చాడని చెబుతారు. ఆయన గురువు బిష్ణు చరణ్ ఘోష్, పరమహంస యోగానందకు స్వయానా తమ్ముడు. అన్నగారి 'ఒక యోగి ఆత్మకథ' మా నాన్న బీరువాలో పై అరలో ఉండేది, కాషాయరంగు అట్ట మీద ఆ పెద్ద కళ్ళ ముఖం చూసి చిన్నప్పుడు ఆ అర జోలికి పోయేవాళ్ళం కాదు. తమ్ముడి దారి వేరు. 1923లో కలకత్తాలో వ్యాయామ కళాశాల పెట్టి, ఆసనాలను బరువులెత్తడంతో, కండరాల మీద పట్టుతో కలిపి నేర్పినవాడు ఆయన. కండరాల నియంత్రణ మీద 1930లో పుస్తకం కూడా వేశాడు. అంటే ఈ చెమట గదికి మూలంలో ఉన్నది బలం. సన్నబడడం తర్వాత వచ్చి చేరింది. చౌదరి ఆ క్రమమంతా తనదేనని కాపీరైటు అడిగాడు. ఆసనాల వరస ఒక పద్ధతి, దాని మీద ఎవరికీ కాపీరైటు ఉండదని 2015లో అమెరికా అప్పీళ్ళ కోర్టు తేల్చింది. మన ప్రభుత్వం కూడా వందలకొద్దీ ఆసనాలను సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలోకి ఎక్కించింది, రేపెవరూ ఇవి మావి అనకుండా. ఈలోగా ఇంకా చెడ్డ సంగతులు బయటికొచ్చాయి. శిష్యురాళ్ళు ఆయన మీద లైంగిక దాడి ఆరోపణలు చేశారు. తనను వేధించి, ఉద్యోగంలోంచి తీసేశాడని ఆయన మాజీ న్యాయ సలహాదారు వేసిన దావాలో 2016లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ సుమారు 70 లక్షల డాలర్లు చెల్లించమంది. ఆయన దేశం విడిచి పోయాడు. చాలాచోట్ల బోర్డు మీంచి ఆయన పేరు తీసేసి ఉత్త హాట్ యోగా అని రాసుకున్నారు. నేను వెళ్ళినచోటా ఆయన పేరు ఎక్కడా లేదు.

పేరు తీసేస్తే సరిపోతుందా? ఇది నన్ను చాలారోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ఆ మనిషి మాటలు ఆ క్రమంలో ఇంకా ఉన్నాయి, టీచరు నోటివెంట వచ్చే చాలా వాక్యాలు ఆయన అల్లినవే. విద్య గురువుకంటే పాతదని, ఆసనాలు ఆయనకు పూర్వం నుంచీ ఉన్నవని సమాధానపడ్డాను గానీ, ఒక్క షరతు దగ్గర మనసు ఒప్పుకోలేదు: గదిలోంచి బయటికి పోవద్దు. అది చెప్పే మనిషి మంచివాడైతే అది ధైర్యం చెప్పడం. కాకపోతే? ఆ సంగతులన్నీ చదివాక ఒకరోజు ఉష్ట్రాసనంలో కళ్ళు చీకట్లు కమ్మాయి. లేచి, తలుపు తీసుకుని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ లోపలికి వెళ్ళాను. టీచరు ఏమీ అనలేదు. చాప పక్కన నీళ్ళ సీసా పెట్టి, తల ఊపింది. ఆ తర్వాతే నాకు ఆ గది మీద నమ్మకం కలిగింది. తలుపు నా చేతిలో ఉందని తెలిశాక లోపల ఉండడం తేలికైంది.

బట్టలు మార్చుకునే గదిలో బరువు చూసుకునే యంత్రం ఉండేది. నా పక్క చాప కుర్రాడు, అతనికీ త్వరలో పెళ్ళి, క్లాసుకు ముందొకసారి, తర్వాతొకసారి దాని మీద నిలబడేవాడు. కిలో తగ్గేది. ఆ అంకె చూసి అతని ముఖం వెలిగిపోయేది, నాకూ సంతోషమనిపించేది, మనిషి అంత కష్టపడ్డాక ఏదో ఒకటి కనబడాలి గదా. కానీ ఆ కిలో నీళ్ళు. ఇంటికి పోయి దాహం తీరా తాగితే రాత్రికి తిరిగి వచ్చేస్తుంది, రావాలి కూడా. కొలరాడో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు ఈ తొంభై నిమిషాల్లో ఒంట్లో ఎంత ఖర్చవుతుందో కొలిచారు: సగటున మగవాళ్ళకు 460 కేలరీలు, ఆడవాళ్ళకు 330. అంతసేపు చురుగ్గా నడిచినా దాదాపు అంతే. కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల దాకా ఖర్చు కావాలి కాబట్టి, తువ్వాళ్ళు పిండుకునేటంత చెమట పట్టిన పూట కరిగే కొవ్వు మగవాళ్ళకైనా 60 గ్రాములు. పెళ్ళివాళ్ళ లెక్కలో ఆరు తులాలు. మిగతాదంతా ఒళ్ళు తనను తాను చల్లబరుచుకోవడానికి పడ్డ పాటు. తేమ ఎక్కువున్న గదిలో ఆ చెమట సరిగ్గా ఆరదు కూడా, ఆరితే గదా చల్లబడేది, ఊరికే కారిపోతుంది. టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఇంకో సంగతి చెప్పారు. ఇవే ఆసనాలను కొందరిచేత వేడిగదిలో, కొందరిచేత మామూలు గదిలో పన్నెండు వారాలు వేయించి చూస్తే, రక్తనాళాల పనితీరు రెండు గుంపులకూ ఒకేలా మెరుగైందట. మేలు ఆసనాలది, వేడిది కాదన్నమాట. మరి వేడి ఎందుకు? నాకు నేను చాలాసార్లు వేసుకున్న ప్రశ్న ఇది.

పాతవాళ్ళేమన్నారో చూద్దామని పుస్తకాలు తీశాను. స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపికలో చెమట ప్రస్తావన ఉంది. ప్రాణాయామ శ్రమవల్ల పుట్టిన చెమటను తుడిచెయ్యకుండా ఒంటికే రుద్దుకోమంటాడు, అందువల్ల దేహానికి గట్టిదనం, తేలిక వస్తాయంటాడు. అదే పుస్తకంలో, కొత్తగా అభ్యాసం మొదలుపెట్టినవాళ్ళు నిప్పు దగ్గర కూర్చోవద్దని, ప్రయాణాలు పెట్టుకోవద్దని కూడా ఉంది. లోపలి పనివల్ల పుట్టే వేడి కావాలి, బయటినుంచి తగిలే వేడి వద్దు అన్న జాగ్రత్త అది అనిపిస్తుంది నాకు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఇంకా ముందుకుపోయి కొలత చెప్పాడు. బలవంతులు, నెయ్యీ నూనే తినేవాళ్ళు కూడా తమ శక్తిలో సగం వరకే వ్యాయామం చెయ్యాలి, అదీ చలికాలంలో, వసంతంలో. మిగిలిన కాలాల్లో ఇంకా తగ్గించుకోవాలి. సగం శక్తి అయిందని ఎట్లా తెలుస్తుంది? నుదుటి మీద, ముక్కు మీద, చంకల్లో, కీళ్ళ దగ్గర చెమట పట్టి, నోరు ఎండితే అక్కడికి చాలని ఆయుర్వేదం గుర్తు చెప్పింది. ఆ లెక్కన మా క్లాసు అర్ధచంద్రాసనానికే అయిపోవాలి. వాగ్భటుడు ఎండ తెలిసిన దేశంలో కూర్చుని రాశాడు. ఎండ తెలిసినవాళ్ళెవరూ దాన్ని ఇంట్లోకి పిలవలేదు.

మాది పల్నాడు. ఎండల వార్తల్లో ఏటా పేరు వినబడే రెంటచింతల మాకు దగ్గరే. చిన్నప్పుడు వేసవి సెలవులంటే పదింటికల్లా తలుపులు మూసెయ్యడం, వసారాకు కట్టిన వట్టివేళ్ళ తడికెల మీద గంటగంటకూ నీళ్ళు చల్లడం. ఆ పని నాది. తడిసిన వట్టివేళ్ళ వాసన ఇంట్లోకి వచ్చేది, ఆ వాసన వస్తే నాయనమ్మకు కునుకు పట్టేది. సాయంత్రం నాలుగు దాటేదాకా వీధిలో కుక్క కూడా కనబడేది కాదు. వడగాడ్పు తగిలిన మనిషిని ఒకసారి చూశాను. మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలో పనిచేసే మనిషి, మా ఇంటి అరుగు మీదికి తెచ్చి పడుకోబెట్టారు. ఒళ్ళు పెనం మీద పెట్టినట్టు కాలుతోంది, చెమట మాత్రం లేదు. నాయనమ్మ తడిబట్ట చుట్టి, నీళ్ళు చల్లుతూ, "చెమట పట్టాలి తల్లీ, చెమట పట్టాలి" అంటూ కూర్చుంది. అప్పటికి నాకు దాని అర్థం తెలియదు. ఆ మనిషి బతికింది. 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. కూలీలు, ముసలివాళ్ళు ఎక్కువ. వాళ్ళు నిలబడ్డ ఎండ నేను డబ్బు కట్టి నిలబడ్డ వేడికంటే ఎక్కువే, కానీ అసలు తేడా అంకెలో లేదు. వాళ్ళకు తలుపు లేదు. పని దిగిపోతే ఆరోజు కూలి పోతుంది, నీళ్ళ కుండ గట్టు అవతల ఎక్కడో ఉంటుంది. నాకు గంటన్నర తర్వాత మంచుగాలి, చాప పక్కనే సీసా. ఒకే అంకె రెండుచోట్ల రెండు రకాలుగా ఎట్లా ఉంటుందన్న నా ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. అది దొరికాక మరి వెళ్ళడం న్యాయమేనా అని కూడా అనిపించింది. మానేస్తే కళ్ళంలో మనిషికి ఒరిగేదేమీ లేదు, నిజమే. అయినా ఆ ఇబ్బంది నాలో ఉండడమే మంచిదని వదిలేశాను.

పెళ్ళి కుదిరిన పిల్లను సిద్ధం చెయ్యడమంటే మా ఇంట్లో ఒకప్పుడు పెట్టడం. నాయనమ్మ పొట్టుమినుములు వేయించి, విసిరి, బెల్లం, నెయ్యి కలిపి సున్నుండలు చుట్టి ఇత్తడి డబ్బా నింపేది. అక్క పెళ్ళికి ముందు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తినాల్సిందే, వద్దన్నా వదిలేది కాదు. "రేపు పీటల మీద అన్ని గంటలు కూర్చోవాలి, నడుములో బలం వద్దూ?" అనేది. నలుగు పెట్టడంలోనూ అదే చూపు. నువ్వులనూనె ఒంటికి ఇంకేదాకా మర్దించి, సున్నిపిండితో నలిచి, వేణ్ణీళ్ళు పోసేవాళ్ళు. ఒంటిని తక్కువచేసి చూపించాలన్న ఆలోచన ఆ పనుల్లో ఎక్కడా లేదు. మగపిల్లలకు తాతయ్య కోడి రామమూర్తి నాయుడి కథ చెప్పేవాడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి, ఆ బలానికి వెనక ప్రాణాయామం ఉందని తాతయ్య నొక్కి చెప్పేవాడు. ఆ కాలంలో ఆడపిల్లల మీద ఉన్న కట్లు నాకు తెలియనివి కావు. వాటిని వెనకేసుకురావడం లేదు. కానీ పెళ్ళికి ముందు పిల్లకు తిండి పెట్టాలన్న ఆ పట్టుదల మాత్రం ఎందుకు వదులుకున్నామో నాకు అర్థం కాదు. ఇప్పుడు ముహూర్తం దగ్గరపడేకొద్దీ పిల్ల ముందు నుంచి కంచం తీసేస్తున్నాం. ఎవరికోసం? కెమెరాకోసం కాకపోతే ఇంకెవరికోసం?

గదికి నేను చివరిదాకా వెళ్ళాను, రెండు లాభాలు చూసుకుని. ఒకటి ఉత్కటాసనం. చేతులు ముందుకు చాచి, వెన్ను నిలబెట్టి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు తొడల మీద ఆగడం. చలికాలం మొదట్లో వణికిన తొడలు చలి తగ్గేసరికి ఆగడం నేర్చుకున్నాయి. అది మామూలు గదిలోనూ వచ్చేదే. రెండోది మాత్రం వేడివల్లే వచ్చింది. వేడిలో రోజూ పనిచేస్తే ఒకటి రెండు వారాల్లో ఒళ్ళు అలవాటు పడుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె మునుపటంత వేగంగా కొట్టుకోదు. మానేస్తే కొద్ది వారాల్లోనే ఆ అలవాటు పోతుంది కూడా. ఎన్నో ఏళ్ళుగా చలిదేశంలో ఉండి వైశాఖంలో ఊరికి పోయే నాలాంటివాడికి ఇది పనికొచ్చే సంగతి. ఇదివరకు వేసవిలో దిగితే మూడు రోజులు తల దిమ్మెక్కి మంచం మీద ఉండేవాణ్ణి. ఈసారి దిగిన సాయంత్రమే బావతో కలిసి పందిరి వేయించడానికి వెళ్ళాను. పొద్దుటినుంచి గుంజలు పాతుతున్న మనుషులు అక్కడ మజ్జిగ తాగుతూ కనబడ్డారు. ఆ ఒళ్ళకు ఏ గదీ అక్కర్లేకుండానే ఈ విద్య వచ్చు.

మేనకోడలు ఆరు కిలోలూ తగ్గింది. రవికెలు మళ్ళీ కుట్టించాల్సి వచ్చింది. పెళ్ళిరోజు తెల్లవారుజామునుంచి ఉపవాసం. గౌరీపూజ గదిలోకి తొంగిచూస్తే పట్టుచీర, పూలజడ, నడుముకు వడ్డాణం, ముఖం మీద వీడియోవాళ్ళ లైటు. పెదాలు పొడిబారి తెల్లగా ఉన్నాయి. "నీళ్ళు తాగావా అమ్మడూ?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "ముహూర్తం కాకుండా ఏమీ పుచ్చుకోకూడదు నాయనా" అంది పక్కనున్న పెద్దావిడ. గరుడాసనం అయ్యేసరికి నాకు నీళ్ళు దొరికేవి. మొక్కుబడిగా నిక్కరు వేసుకుని నిలబడ్డ నాకు. ఇన్ని గజాల పట్టు చుట్టుకున్న పిల్లకు అదే వేడిలో గుక్కెడు నీళ్ళు లేవు. పురోహితుణ్ణి అడిగాను. "కొబ్బరినీళ్ళు ఇవ్వండి, పాలివ్వండి, దోషం లేదు" అన్నాడు, తలెత్తకుండానే, ఇందులో అడగడానికేముందన్నట్టు. అక్క బోండాం కొట్టించి తెచ్చింది. పిల్ల ఆగకుండా తాగింది, ఇంకోటి అడిగింది.

గంపలో కొత్త బట్ట పరిచి, బియ్యం పోసి, పిల్లను కూర్చోబెట్టారు. ఒళ్ళో కొబ్బరిబోండాం. ఎత్తడానికి నేను, తమ్ముడు, పెద్దమ్మ కొడుకులిద్దరు, అందరం వరసకు మేనమామలమే. తొడల మీద కూర్చుని, వెదురు అంచు కిందికి వేళ్ళు పోనిచ్చి, వెన్ను నిలబెట్టి, బరువంతా మడమల్లోకి దించి, ఒక్కసారి లేచాం. వెదురు కిర్రుమంది. పిల్ల ఒక చేత్తో నా భుజం పట్టుకుంది. సన్నాయి అందుకుంది. గదినుంచి మండపానికి ఉన్న దూరం తక్కువే, మధ్యలో మూడు మెట్లు. మెట్ల దగ్గర గంప వంగకుండా ఉండాలంటే కిందున్నవాళ్ళు ఎత్తాలి, పైనున్నవాళ్ళు మోకాళ్ళు వంచాలి, ఒకరి ఊపిరి ఒకరికి వినబడాలి. ఎక్కాం, దించాం, అడ్డుతెర వెనక పీట మీద కూర్చోబెట్టాం. పిల్ల తగ్గిన ఆరు కిలోలు నలుగురు మోసేచోట మా చేతులకు తెలియనైనా తెలియలేదు. తర్వాత హోమం దగ్గర, తలంబ్రాల దగ్గర, అప్పగింతల దాకా పిల్ల నిటారుగానే ఉంది. అది బోండాం నీళ్ళ చలవేనని నా నమ్మకం.

పెళ్ళికని వేడిగదిలో చేరదామనుకునేవాళ్ళు చేరండి, బలంకోసం చేరండి. రక్తపోటుకో చక్కెరకో మందులు వాడుతుంటే ముందు డాక్టరును అడగండి. కళ్ళు తిరిగితే తలుపు తీసుకుని బయటికి రండి, ఎవరేమన్నా సరే. బరువు తగ్గుదామని ముహూర్తానికి వారం ముందు మాత్రం ఆ గదికి పోకండి. వైశాఖ జ్యేష్ఠాల్లో ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న పెద్దలకు నా మనవి ఇంకొకటి ఉంది. గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళకు, మేళంవాళ్ళకు నీడా మజ్జిగా అందేలా ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి. గౌరీపూజకు కూర్చోబెట్టే ముందు పెళ్ళికూతురి చేతికి కొబ్బరినీళ్ళు ఇవ్వండి. పురోహితుడు కాదనడు.